ఆన్‌లైవ్ గుర్తుందా ఎవరికైనా? (స్టేడియా కంటే ముందే వచ్చి పోయిన క్లౌడ్ గేమింగ్ కంపెనీ)

పొద్దెరగడు (హైదరాబాద్):

అన్నలూ, అక్కలూ, ఒక సందేహం. నిన్న రాత్రి హాస్టల్లో పెద్ద గొడవైంది. క్లౌడ్ గేమింగ్ (ఆట ఎక్కడో కంపెనీ సర్వర్ల మీద నడుస్తుంటే దాని వీడియో మన తెర మీదికి వచ్చే పద్ధతి) మొదలుపెట్టింది గూగుల్ స్టేడియానే అని నేనన్నాను. కాదు, దానికి పదేళ్ళ ముందే ఆన్‌లైవ్ అని ఒకటి వచ్చి పోయిందని మా సీనియర్ అన్నాడు. బిర్యానీ పందెం వేసుకున్నాం. వెతికితే సమాచారం ముక్కలు ముక్కలుగా దొరుకుతోంది. ఒకచోట కంపెనీ విలువ 1.8 బిలియన్ డాలర్లు అని ఉంది. ఇంకోచోట 4.8 మిలియన్లకు అమ్మేశారని ఉంది. రెండిట్లో ఒకటి అచ్చుతప్పు అయ్యుంటుంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత_మానిటర్ (విశాఖపట్నం):

అచ్చుతప్పు కాదు బాబూ, రెండూ నిజమే. బిర్యానీ డబ్బులు తీసి పక్కన పెట్టుకో.

దీని వెనకున్న మనిషి స్టీవ్ పెర్ల్‌మన్. ఆపిల్‌లో క్విక్‌టైమ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాడు. తర్వాత వెబ్‌టీవీ పెట్టాడు. టీవీకి ఒక పెట్టె తగిలించి ఇంటర్నెట్ చూపించే వ్యవహారం అది. 1997లో మైక్రోసాఫ్ట్ దాన్ని 425 మిలియన్ డాలర్లకు కొంది. ఆ తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో రియర్డెన్ అని ప్రయోగశాల లాంటి సంస్థ ఒకటి పెట్టుకున్నాడు. ఆన్‌లైవ్ అందులోంచే పుట్టింది.

2009 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోలో జీడీసీ, అంటే గేములు తయారుచేసేవాళ్ళ సభ, జరిగింది. అక్కడ ఆన్‌లైవ్‌ను బయటపెట్టారు. మామూలు లాప్‌టాప్ మీద క్రైసిస్ ఆడి చూపించారు. క్రైసిస్ అంటే నీకు తెలియకపోవచ్చు. ఆ రోజుల్లో కొత్త కంప్యూటర్ ఎవరు కొన్నా "క్రైసిస్ నడుస్తుందా?" అన్నదే మొదటి ప్రశ్న. అలాంటి ఆట గ్రాఫిక్స్ కార్డే లేని మిషన్ మీద నడుస్తుంటే జనం నోళ్ళు తెరిచారు. అసలు ఆట నడుస్తున్నది శాంటా క్లారాలో, సర్వర్ల మీద. సభలో కనిపిస్తున్నది దాని వీడియో మాత్రమే.

వెంటనే రెండు పార్టీలు తయారయ్యాయి. ఇక ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ల పని అయిపోయిందని ఒక వర్గం. ఇదంతా గారడీ అని ఇంకో వర్గం. యూరోగేమర్ సైటులో అయితే ఇది పనిచేసే అవకాశమే లేదన్న అర్థం వచ్చే శీర్షికతో పెద్ద వ్యాసమే వేశారు.

పెసరట్టు_ఉప్మా (విజయవాడ):

గురువుగారు చెప్పినదానికి నా తరఫున కొంచెం నెట్‌వర్క్ సంగతి. నా ఉద్యోగం అదే.

"యూట్యూబ్ వస్తోందిగా, గేమ్ వీడియో రాకేం?" అని చాలామంది అడుగుతారు. యూట్యూబ్ ఆవకాయ లాంటిది. ముందే కలిపి జాడీలో పెట్టి ఉంటుంది. మీరు చూస్తుండగానే తర్వాత రాబోయే కొన్ని సెకన్లు వచ్చి నిల్వ అయిపోతాయి. మధ్యలో నెట్ కాసేపు తడబడ్డా మీకు తెలియదు. క్లౌడ్ గేమింగ్ అలా కాదు, పెసరట్టు లాంటిది. మీరు బటన్ నొక్కాకే పిండి పెనం మీద పడాలి. తర్వాతి బొమ్మ ఏమిటో మీరు నొక్కేదాకా సర్వర్‌కు కూడా తెలియదు. నిల్వ పెట్టుకునే వీలే లేదు.

ఆన్‌లైవ్ ఇస్తామన్నది 720పీ వీడియో, సెకనుకు 60 బొమ్మలు. అంటే ఒక్కో బొమ్మకు పదహారున్నర మిల్లీసెకన్లు. మీ నొక్కుడు సర్వర్‌కు చేరాలి, ఆట దాన్ని లెక్కలోకి తీసుకోవాలి, బొమ్మ గీయాలి, కుదించాలి, పంపాలి, మీ ఇంట్లో విప్పాలి. మొత్తం 80 మిల్లీసెకన్లలో అయిపోవాలని పెర్ల్‌మన్ లెక్క. అందుకే ఇల్లు డేటా సెంటర్‌కు, అంటే సర్వర్లు పెట్టిన చోటుకు, వెయ్యి మైళ్ళలోపు ఉండాలన్నారు. వెయ్యి మైళ్ళంటే 1,600 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోను 8, రాను 8, వెరసి 16 మిల్లీసెకన్లు. కాగితం మీద బాగానే ఉంది. కానీ కేబుల్ తిన్నగా పోదుగా. మన ఊరి బస్సులాగా ప్రతి జంక్షన్‌లో ఆగుతూ పోతుంది.

వీడియో కుదించడానికి సొంతంగా చిప్పు చేయించుకున్నారు. నా దృష్టిలో ఆన్‌లైవ్ చేసిన అసలు గొప్ప పని అదే. మామూలు వీడియో కుదింపు ముందూ వెనకా బొమ్మలు చూసుకుంటూ తీరిగ్గా చేస్తుంది. ఇక్కడ అంత తీరిక లేదు.

డాలస్_బావ (టెక్సస్):

నేను వాడాను! 2010 జూన్ 17న అమెరికాలో మొదలుపెట్టారు. నేనప్పుడు డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ముగ్గురు రూమ్మేట్లతో ఉండేవాణ్ణి. వాళ్ళ డేటా సెంటర్లలో ఒకటి డాలస్‌లోనే. ఇంకోటి కాలిఫోర్నియా, మరోటి వర్జీనియా. అంటే నాకు పక్కవీధి కిరాణా కొట్టులాగా అన్నమాట.

మొదట్లో వైఫై ఒప్పుకునేది కాదు, వైరు తగిలించాలి. హాల్లోంచి నా గదిదాకా నీలం కేబుల్ ఒకటి లాగాను. అది వంటింటి గుమ్మానికి అడ్డంగా పోయేది. పప్పు గిన్నె పట్టుకొచ్చేవాడు దాన్ని దాటడం రోజూ ఒక సర్కస్.

నా దగ్గర ఆఫీసు లాప్‌టాప్ తప్ప ఏమీ లేదు. దానిమీద బ్యాట్‌మన్ అర్ఖమ్ అసైలమ్ ఆడాను. డౌన్‌లోడ్ లేదు, ఇన్‌స్టాల్ లేదు. నొక్కితే ఆట. ఏ ఆటైనా అరగంట ఉచితంగా ఆడి చూడొచ్చు. నేను నెలపాటు అరగంటలే ఆడాను (పెళ్ళికాని హెచ్1బీ వాడి పొదుపు). రాత్రి 9 దాటాక మా వాడు తెలుగు సినిమా డౌన్‌లోడ్‌కు పెట్టేవాడు. ఇక చూడాలి, బ్యాట్‌మన్ మొహం అలుక్కుపోయి ఎవరో మసి పూసుకున్న మనిషిలా కనిపించేది. "ఒరేయ్, ఆపరా" అని అరిస్తే మళ్ళీ బొమ్మ తేటపడేది.

నాకు బాగా గుర్తున్నది మాత్రం ఎరీనా. స్క్రీన్ నిండా చిన్న చిన్న కిటికీలు. ఒక్కో కిటికీలో ఎవరో ఒకరు ఆ క్షణంలో ఆడుతున్న ఆట. ఏదైనా ఒకటి నొక్కితే అది పెద్దదై మనం వాళ్ళ వెనకాల నిలబడి చూస్తున్నట్టే. నచ్చితే బొటనవేలు పైకి, నచ్చకపోతే కిందికి. మన ఊళ్ళో వీడియో గేమ్ పార్లర్ గుర్తుందా? ఆడేవాడు ఒకడు, వెనకాల చూసేవాళ్ళు ఆరుగురు. అచ్చం అదే. ఇలా ఇతరుల ఆట లైవ్‌లో చూపించే ట్విచ్ సైటు 2011లో కదా వచ్చింది. వీళ్ళు దానికి ఏడాది ముందే చేశారు.

గోదారి_గట్టు (రాజమండ్రి):

బావగారూ, మీరు అక్కడ ఆడుకుంటుంటే మేమిక్కడ కుళ్ళుకున్నాం. మన దేశంలో ఆ సర్వీసే లేదు. ఉన్నా ఏం లాభం, అప్పుడు మా ఇంట్లో 512 కేబీపీఎస్ లైను. నెలకు 5 జీబీ దాటితే వేగం సగానికి పడిపోయేది. ఆన్‌లైవ్‌కు 5 ఎంబీపీఎస్ కావాలన్నారు. లెక్కేస్తే గంటకు 2 జీబీ పైనే. రెండు గంటలు ఆడితే నెల కోటా గోదాట్లో కలిసినట్టే. వర్షం పడితే అసలు లైనే ఉండేది కాదు, అది వేరే కథ.

పెసరట్టు_ఉప్మా:

లైను బాగున్నా కుదిరేది కాదు తమ్ముడూ. డాలస్ నుంచి మన దగ్గరికి గీత గీసినట్టు పోయినా రానూపోనూ 140 మిల్లీసెకన్లు. అసలు దారిలో 250 దాటుతుంది. నువ్వు బ్రేకు నొక్కేసరికి కారు గోదాట్లో ఉంటుంది.

పొద్దెరగడు:

అయితే పోయింది లాగ్ (నొక్కాక బొమ్మ మారేదాకా అయ్యే ఆలస్యం) వల్లేనా?

ర్యాక్_రామయ్య (హైదరాబాద్):

అందరూ అదే అంటారు. నేను ఒప్పుకోను. పన్నెండేళ్ళుగా డేటా సెంటర్లలో పనిచేస్తున్నాను కాబట్టి నాకు కనిపించిన రోగం వేరే.

ఊళ్ళో ఫంక్షన్ హాలు కట్టినవాణ్ణి అడగండి. మాఘమాసంలో మంచి ముహూర్తం ఉంటే ఒకే రోజుకు పదిమంది వస్తారు. ఆషాఢంలో హాల్లో పావురాలు తిరుగుతుంటాయి. కానీ అప్పు కిస్తీ ఆషాఢంలో కూడా కట్టాలి. గేమర్లకు రోజూ ఒకటే ముహూర్తం, రాత్రి ఏడు నుంచి పదకొండు. అందరూ అప్పుడే వస్తారు. ఆ రద్దీకి సరిపడా సర్వర్లు కొనిపెట్టాలి. తెల్లవారుజామున అవి ఊరికే తిరుగుతూ కరెంటు తింటుంటాయి.

మామూలు వెబ్‌సైటుకు ఈ బాధ లేదు. ఒక సర్వర్ మీద వేలమందిని కూర్చోబెట్టొచ్చు. పైగా అమెరికా పడుకున్నప్పుడు అదే మిషన్‌తో ఇండియా వాళ్ళకు పని చేయించుకోవచ్చు. ఆన్‌లైవ్‌కు ఆ రెండు దారులూ మూసుకుపోయాయి. ఒకటి, అప్పట్లో గ్రాఫిక్స్ కార్డును పదిమందికి పంచే పద్ధతి ఇంకా కుదురుకోలేదు. వచ్చిన ప్రతివాడికీ దాదాపు ఒక మిషన్ అప్పగించాల్సిందే. రెండు, ఆ వెయ్యి మైళ్ళ గీత. డాలస్ సర్వర్ తెల్లవారుజామున ఖాళీగా ఉందని దాన్ని లండన్‌కు అద్దెకివ్వలేరు.

కంపెనీ కూలిపోయాక వార్తల్లో వచ్చిన అంకె ఒకటి చెప్తాను. కొన్న సర్వర్లేమో వేలు. ఒకేసారి ఆడినవాళ్ళు అత్యధికంగా 1,600 మంది. నెల ఖర్చు 5 మిలియన్ డాలర్ల దాకా. ఇక లాగ్ సంగతి ఎవరికి కావాలి? హాలు పెద్దది, పెళ్ళిళ్ళు లేవు.

డాలస్_బావ:

రామయ్యగారూ, నాకు తెలియక అడుగుతున్నా. మంచి సర్వీసైతే పెళ్ళిళ్ళు ఎందుకు రాలేదు మరి? అది కూడా చూడాలిగా.

ర్యాక్_రామయ్య:

మంచి ప్రశ్నే. దానికి పాత మానిటర్ గారే చెప్పాలి, నాకు సర్వర్ల గోలే తెలుసు.

పాత_మానిటర్:

వస్తున్నా, మనవరాలిని పడుకోబెట్టి రాస్తున్నాను.

ధర ఎలా పెట్టాలో వాళ్ళకు చివరిదాకా అంతు చిక్కలేదు. మొదట నెలకు 14.95 డాలర్లు అన్నారు, ఆపైన ఆటకు విడిగా డబ్బు. అంటే సినిమా టికెట్టు కొన్నాక కుర్చీకి కూడా అద్దె. మొదట్లో చేరినవాళ్ళకు ఏడాది ఉచితం అన్నారు కానీ, అదయ్యాక నెలనెలా కట్టాల్సిందేగా. జనం గొణిగారు. 2010 అక్టోబరులో ఆ నెల చందా ఎత్తేశారు. తర్వాత నెలకు 9.99కి ప్లేప్యాక్ అని పెట్టారు, పాత ఆటలు ఎన్నైనా ఆడుకోవచ్చు. కొత్తవి మాత్రం పూర్తి ధరకు కొనాలి. కొన్నదానికి హామీ ఏమిటో తెలుసా? 2013 జూన్ 17 దాకా ఉంచుతామన్నారు. దుకాణంలో డిస్కు కొంటే కొడుక్కిచ్చి పోవచ్చు. ఇక్కడ అదే ధర పెట్టి మూడేళ్ళ లీజు. ఎవడు కొంటాడు?

ఇక దుకాణాల వాళ్ళకు వీళ్ళంటే మంట. 2011 ఆగస్టులో డ్యూస్ ఎక్స్ హ్యూమన్ రెవల్యూషన్ అనే ఆట వచ్చింది. పీసీ డబ్బాలో దాన్ని విడుదల చేసిన స్క్వేర్ ఎనిక్స్ వాళ్ళు ఒక కూపన్ పెట్టారు, ఆ ఆటనే ఆన్‌లైవ్‌లో ఉచితంగా ఆడుకోవడానికి. అమెరికాలో గేములు అమ్మే దుకాణాల సంస్థ గేమ్‌స్టాప్ ఏం చేసిందంటే, తన దుకాణాల్లో సీలు వేసిన డబ్బాలు విప్పించి, కూపన్లు తీయించి, అవే కొత్త సరుకుగా అమ్మించింది! గేమ్‌స్టాప్ కూడా అప్పటికే స్పాన్ ల్యాబ్స్ అనే స్ట్రీమింగ్ కంపెనీని కొనుక్కుని కూర్చుంది మరి. సంగతి బయటపడి గోల అయ్యాక పీసీ డబ్బాలు అమ్మకాల్లోంచి తీసేసి, కొన్నవాళ్ళకు 50 డాలర్ల కూపన్ ఇచ్చి సముదాయించింది. నా ఉద్దేశంలో ఆన్‌లైవ్‌కు అంత మంచి ప్రచారం సొంత డబ్బుతో కూడా దొరికేది కాదు. అయినా ఖాతాదారులుగా మారినవాళ్ళు తక్కువే.

డబ్బు పెట్టేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. 2011లో ఫోన్ల కంపెనీ హెచ్‌టీసీ 40 మిలియన్ డాలర్లు పెట్టింది. బ్రిటన్‌లో బీటీ అనే టెలిఫోన్ కంపెనీ 2.6 శాతం వాటా కొంది. 2011 సెప్టెంబరులో అక్కడ సర్వీసు మొదలైంది.

ర్యాక్_రామయ్య:

ఇంకో ముక్క. 2012 జనవరిలో ఆన్‌లైవ్ డెస్క్‌టాప్ అని వదిలారు. ఐప్యాడ్ మీద విండోస్ 7, వర్డ్, ఎక్సెల్. గేమింగ్ కంపెనీకి ఇదేం పిచ్చి అని నవ్వారు జనం. నాకైతే ఫంక్షన్ హాలు ఓనరు పగటిపూట ట్యూషన్లకు అద్దెకిచ్చినట్టు అనిపించింది. పొద్దున ఆఫీసులు, రాత్రి గేములు. ఖాళీ మిషన్లు పనిలో పడతాయి. ఆలోచన బాగుంది. కానీ విండోస్‌ను అలా అద్దెకివ్వడం లైసెన్సుకు విరుద్ధమని మైక్రోసాఫ్ట్ బహిరంగంగానే అంది. ఏప్రిల్‌కల్లా విండోస్ సర్వర్ అనే వేరే రకం విండోస్‌కు మార్చుకోవాల్సి వచ్చింది.

లెక్కల_టీచరమ్మ (గుంటూరు):

అందరూ ఇంతసేపు గేముల గురించి మాట్లాడుతుంటే ఊరుకున్నాను. 1.8 బిలియన్ ఎలా 4.8 మిలియన్ అయిందో ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లాడు అడిగింది అదే కదా.

1.8 బిలియన్ అనేది పెట్టుబడిదారులు వాటాకు ఇచ్చిన ధరను బట్టి కంపెనీ మొత్తానికి కట్టిన విలువ. పెట్టెలో ఉన్న డబ్బు కాదు. మా వీధి చివర ఒకాయన అర సెంటు స్థలం ఎక్కువ ధరకు అమ్మాడని వీధి మొత్తానికి అదే ధర చెప్పుకోవడం లాంటిది.

2012 ఆగస్టు 17, శుక్రవారం. దాదాపు 200 మంది ఉద్యోగులున్నారు. ఆ పొద్దున మీటింగు పెట్టి అందర్నీ తీసేస్తున్నట్టు చెప్పారు. ఇన్‌ఎక్సైల్ అనే గేముల సంస్థ పెట్టిన బ్రయన్ ఫార్గో తనకు వచ్చిన ఈమెయిల్ సంగతి ట్విట్టర్లో పెడితేనే లోకానికి తెలిసింది. కంపెనీ మాత్రం రోజంతా సరైన మాట చెప్పలేదు.

చేసింది మామూలు దివాలా కాదు. కాలిఫోర్నియాలో ఇంకో దారి ఉంది. అప్పులవాళ్ళ మేలు కోసమని ఆస్తులన్నీ ఒక మూడో మనిషికి రాసిచ్చేస్తారు. ఆయన అమ్మి, వచ్చినది అప్పులవాళ్ళకు పంచుతాడు. కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు, చకచకా అయిపోతుంది. అప్పు 30 నుంచి 40 మిలియన్ డాలర్ల మధ్య ఉంది. ఆస్తులు కొన్నది గ్యారీ లాడర్ అనే పెట్టుబడిదారుడి సంస్థ. ధర 4.8 మిలియన్లు. అప్పుల వాళ్ళకే రూపాయికి పావలా కూడా రాని లెక్క అది. ఇక వాటాదారులకు మిగిలేదేముంది? పెట్టుబడిదారుల వాటాలు, ఉద్యోగుల స్టాక్ ఆప్షన్లు అన్నీ సున్నా. కొత్త కంపెనీ అదే పేరుతో, అదే సర్వీసుతో మొదలైంది. పాతవాళ్ళలో సుమారు సగం మందిని పిలిచి ఉద్యోగమిస్తామంది. కొన్నాళ్ళకే పెర్ల్‌మన్ వెళ్ళిపోయాడు.

ఆడేవాళ్ళకు ఇదేమీ తెలియలేదు. ఆ శుక్రవారం కూడా సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి.

డాలస్_బావ:

టీచరమ్మగారూ, ఆ వార్త చదివి ఆ వారాంతం నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నేను ఆ కంపెనీ వాణ్ణి కాదు, అయినా టెన్షన్. ఇప్పుడైతే ఉద్యోగం పోయిన హెచ్1బీ వాళ్ళకు 60 రోజుల గడువుంది. అది 2017లో వచ్చింది. 2012లో అదీ లేదు. మధ్యాహ్నం ఉద్యోగం పోతే సాయంత్రానికి వీసా సంగతేమిటో లాయరుకే తెలియాలి.

పెసరట్టు_ఉప్మా:

ఇందులో నాకు నచ్చే మలుపు ఇంకోటుంది. అదే సమయంలో గైకై అని ఇంకో కంపెనీ. పెట్టినవాళ్ళలో ఒకడు డేవిడ్ పెర్రీ. ఎర్త్‌వార్మ్ జిమ్ ఆట తెలిస్తే ఆయనే. ఆయన ఆడేవాళ్ళ దగ్గర డబ్బులడగలేదు. ఆటల కంపెనీల దగ్గరే తీసుకున్నాడు. వెబ్‌పేజీలో ప్రకటన ఉండే చోట డెమో పెట్టాడు. నొక్కితే బ్రౌజర్లోనే కాసేపు ఆడొచ్చు, నచ్చితే కొనుక్కోవచ్చు. ఎగ్జిబిషన్లో మైసూర్‌పాక్ ముక్క రుచి చూపించే పద్ధతి. పనిచేసినంతసేపే ఖర్చు.

2012 జూలైలో సోనీ గైకైని 380 మిలియన్ డాలర్లకు కొంది. ఏడు వారాలు తిరక్కుండానే ఆన్‌లైవ్ అందులో ఎనభయ్యో వంతుకు పోయింది! రెండూ చేసింది దాదాపు ఒకటే పని.

ర్యాక్_రామయ్య:

చూశారా, నేను చెప్పింది అదే. లాగ్ ఇద్దరికీ ఒకటే. ఆషాఢం కిస్తీ ఆన్‌లైవ్ నెత్తిన పడింది.

పెసరట్టు_ఉప్మా:

సగం ఒప్పుకుంటా. లాగ్ లేకపోతే జనం వచ్చేవాళ్ళు, జనం వస్తే కిస్తీ కట్టేవాళ్ళు. ఫైటింగ్ గేములు, షూటింగ్ గేములు ఆడేవాళ్ళే ఎక్కువ డబ్బు పెడతారు. వాళ్ళే మొహం చాటేశారు కదా.

పాత_మానిటర్:

మీరిద్దరూ తెల్లారేదాకా కొట్టుకోండి, నేను కథ ముగిస్తాను.

కొత్త ఆన్‌లైవ్ మరో రెండున్నరేళ్ళు నడిచింది. 2014 మార్చిలో క్లౌడ్‌లిఫ్ట్ అని తెచ్చారు. మీరు స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో కొనుక్కున్న ఆటనే వీళ్ళ సర్వర్ మీద ఆడుకోవచ్చు. మూడేళ్ళ లీజు గోలకు సరైన మందు అదే. నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది, అంతే. 2015 ఏప్రిల్ 2న పేటెంట్లు సోనీ కొన్నట్టు ప్రకటన వెలువడింది, ఏప్రిల్ 30న సర్వీసు ఆగిపోయింది. అంటే గైకై కంపెనీ, ఆన్‌లైవ్ పేటెంట్లు చివరికి ఒకే ఇంటికి చేరాయి. పాత ఖాతాల్లో కొన్న ఆటలు, సేవ్ ఫైళ్ళు పోయాయి. స్టీమ్‌లో కొన్నవి స్టీమ్‌లో ఉండిపోయాయి.

ఇక నీ స్టేడియా. 2019 మార్చిలో ప్రకటించారు. ఎక్కడ? అదే శాన్ ఫ్రాన్సిస్కోలో, అదే జీడీసీలో, సరిగ్గా పదేళ్ళకు. అక్కడా ఆటలు పూర్తి ధరకు కొనాల్సిందే. 2023 జనవరి 18న మూసేశారు. ఒక్క తేడా, గూగుల్ ఆటల డబ్బులు తిరిగిచ్చింది.

గోదారి_గట్టు:

డబ్బులు తిరిగివ్వడమంటే గుర్తొచ్చింది. నేనొక చోట ఈ-పుస్తకాలు కొన్నాను, పేరెందుకులెండి. ఆ దుకాణం మూతపడి పుస్తకాలన్నీ పోయాయి. అందులో ఒకటి సగం చదివి ఉంది. హంతకుడెవరో ఇప్పటికీ తెలియదు.

లెక్కల_టీచరమ్మ:

పేరు చెప్తే నేను చెప్పేదాన్నిగా 😀

మోడరేటర్:

విషయం దాటకండి. హంతకుడి కోసం పుస్తకాల విభాగంలో కొత్త చర్చ పెట్టుకోండి.

పొద్దెరగడు:

అందరికీ థ్యాంక్స్. ఈ చర్చ మొత్తం మా సీనియర్‌కు చూపించాను. వాడు చదవడం మానేసి సింగిలా ఫుల్లా అని అడుగుతున్నాడు. బావగారూ, ఒక్క ప్రశ్న. టీవీకి తగిలించే పెట్టె కూడా ఉండేదట కదా, మీ దగ్గర ఉందా?

డాలస్_బావ:

మైక్రోకన్సోల్. కంట్రోలర్‌తో కలిపి 99 డాలర్లు. 2010 చివర్లో వచ్చింది. ఉంది ఉంది. నీ పోస్టు చూశాక గ్యారేజీలో అట్టపెట్టెలన్నీ దింపాను. మా ఆవిడ దీపావళి శుభ్రం ముందే మొదలెట్టాననుకుని మెచ్చుకుంది. గుప్పెట్లో పట్టేంత నల్లటి పెట్టె. వెనక నెట్ కేబుల్‌కు ఒక కన్నం, హెచ్‌డీఎంఐకి ఒకటి. లోపల పెద్దగా ఏమీ లేదు, వచ్చిన వీడియోను విప్పి టీవీకిచ్చే చిప్పు, అంతే. కంట్రోలర్ మాత్రం చేతికి భలే బరువుగా ఉంటుంది, ఇప్పుడు పట్టుకున్నా బాగుంది. పదేళ్ళ మా అబ్బాయి చూసి "ఇది దేనికి నాన్నా?" అన్నాడు. ఆ నీలం కేబుల్ కూడా అదే పెట్టెలో దొరికింది.

పెసరట్టు_ఉప్మా:

కంట్రోలర్‌ను యూఎస్‌బీతో పీసీకి పెట్టి చూడండి బావగారూ, గుర్తుపడుతుందేమో.

డాలస్_బావ:

బ్యాటరీలు చీమిడి కారి లోపల పచ్చగా పేరుకుంది. రేపు శనివారం, గీకి శుభ్రం చేసి పెట్టి చెప్తాను.